పరాయి ఊళ్ళో శనివారం పరుగు
(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మా జంగారెడ్డిగూడెం వైపు తెల్లారగట్ల రోడ్డు మీద పరుగెత్తే కుర్రాడు కనబడితే ఎవరూ ఆశ్చర్యపోరు. "ఏ సెలక్షనురా అబ్బాయ్?" అని మాత్రం అడుగుతారు. పోలీసో, మిలిటరీయో అయివుండాలి తప్ప ఊరికే పరుగెత్తే మనిషి వుంటాడంటే మావాళ్ళు నమ్మరు. నమ్మకపోవడంలో తప్పు లేదు కూడాను. పొగాకు బ్యారన్ దగ్గర రాత్రంతా మంట కాచినవాడికీ, పామాయిలు గెలలు నరికి ట్రాక్టరుకెత్తినవాడికీ మళ్ళీ పనిగట్టుకుని చెమట పట్టించుకోవలసిన ఖర్మ యేమిటి? అంచేత మాకు పరుగంటే ఒక పరీక్ష. కానిస్టేబులు ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచెయ్యాలి. ఆ గడియారం ఒక జల్లెడ. నిలిచినవాడికి ఉద్యోగం, రాలినవాడు మర్నాడే బూట్లు అటకెక్కిస్తాడు. రాలినవాడు మళ్ళీ పరుగెత్తగా నేను చూళ్ళేదు, మా అక్కని తప్ప.

అక్క ఇంటర్ అయ్యాక ఒక ఏడాది ఆ జల్లెడలో పడింది. పోయింది కొద్ది సెకన్ల తేడాలోనే గాని పోవడం పోవడమే కదా. తరవాత డిగ్రీ చదివింది. నాన్న రెండెకరాల తోట మీద బ్యాంకు అప్పు తెస్తే, 2023లో ఇంగ్లండులోని లెస్టర్ నగరానికి ఎమ్మెస్సీ చదవడానికి వెళ్ళింది. ఇప్పుడక్కడే ఉద్యోగం చేసుకుంటూ ప్రతి శనివారం పొద్దున్న ఒక పరుగులో పాల్గొంటోంది. మన కాలేజీ నుంచి ఏటా కొందరు విదేశాలకు వెడుతున్నారు. ఫీజులెంత, వీసా యెలా, ఏ యూనివర్సిటీలో సీటు తేలిక అన్నవి చెప్పడానికి వూరూరా కన్సల్టెన్సీలున్నాయి. అక్కడ శనివారం పొద్దున్న లేచి ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని ఈ వ్యాసం.

మొదటి ఆర్నెల్లూ అక్క ఫోనులో "బాగానే ఉన్నా" అనేది. ఆ మాట ఎంత చిన్నగా వుంటే సంగతి అంత పెద్దదని మా అమ్మకు తెలుసు. ఐదుగురు తెలుగువాళ్ళు కలిసి ఒకే ఇంట్లో వుండేవారు. ఒక్కొక్కరిది ఒక్కో షిఫ్టు. వంటింట్లో కూరగిన్నెలు కలుసుకునేవి గాని మనుషులు కలిసేవారు కారు. ఒక రాత్రి నాతో అంది: "ఒరే, ఈ ఊళ్ళో నన్ను పేరుపెట్టి పిలిచే మనిషి ఒక్కరు లేరురా. కొట్లో కార్డు గీకే మిషను ఒక్కటే నాకు థాంక్స్ చెబుతుంది." ఇంగ్లీషు రాక కాదు. మాట్లాడ్డానికి ఒక సందర్భం లేక. మనూళ్ళో అయితే అరుగు మీద ఊరికే కూర్చున్నా పదిమంది పలకరిస్తారు. అక్కడ ఊరికే కూర్చున్న మనిషిని పలకరించడం అమర్యాద. ఏదో ఒక పనిలో పక్కపక్కన నిలబడితేనే మాట కలుస్తుంది.

ఆ పని ఆవిడకు పార్కులో దొరికింది. దాని పేరు పార్క్‌రన్. ప్రతి శనివారం ఇంగ్లండులో పొద్దున్న తొమ్మిదింటికి వందలాది పార్కుల్లో ఒకేసారి మొదలవుతుంది. దూరం 5 కిలోమీటర్లు. రుసుము లేదు. ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే ఒక బార్‌కోడ్ ఇస్తారు, అది బతికున్నంత కాలం పనిచేస్తుంది. ఆ బార్‌కోడ్‌తో లెస్టర్‌లోనే కాదు, ఇరవైకి పైగా దేశాల్లో ఏ పార్క్‌రన్‌కైనా వెళ్ళి పరుగెత్తవచ్చు. పాస్‌పోర్టు, వీసా, చిరునామా ఎవరూ అడగరు. నువ్వెక్కడివాడివి అని అడిగితే అడగవచ్చు గాని, అది మాట కలపడానికే.

దీన్ని మొదలుపెట్టినాయన పాల్ సింటన్-హ్యూవిట్. ఆయనా పుట్టు ఇంగ్లీషువాడు కాదు, దక్షిణాఫ్రికాలో పెరిగి వచ్చినవాడు. దెబ్బ తగిలి పరుగు మానాల్సి వచ్చినప్పుడు తోటి పరుగు మిత్రులు ఎక్కడ దూరమైపోతారోనని, వాళ్ళని వారం వారం చూడడానికి వంక కోసం ఒక పరుగు పెట్టాడు. తాను పరుగెత్తకుండా గడియారం పట్టుకుని నిలబడ్డాడు. 2004 అక్టోబరు 2న లండన్ నైరుతి మూల బుషీ పార్కులో పరుగెత్తినవాళ్ళు 13 మంది, సాయం చేసినవాళ్ళు ఐదుగురు. వరస నెంబర్ల బిళ్ళలకు బదులు ఇనప సామాన్ల కొట్లో దొరికే వాషర్లు వాడారట. రెండో చోటు వింబుల్డన్ కామన్‌లో మొదలవడానికి 2007 దాకా పట్టింది. తరవాతేమో వరిచేలో నీరు మడి నుంచి మడికి పారినట్టు పారింది.

ఇంతమంది పరుగెత్తితే, డబ్బు తీసుకోకుండా, కాళ్ళకు ఎలక్ట్రానిక్ చిప్పులు కట్టకుండా ఎవరి కాలం ఎంతో ఎలా తెలుస్తుందని నాకు అనుమానం వచ్చింది. లేబొరేటరీ బుద్ధి కదా. అక్కని అడిగితే చెప్పిన పద్ధతి చూసి ముచ్చటేసింది. గీత దగ్గర ఒక మనిషి ఫోను పట్టుకుని, ఎవరు దాటినా ఒక్కసారి మీట నొక్కుతాడు. దాటింది ఎవరో అతనికి అక్కర్లేదు. అంచేత అతని దగ్గర తయారయ్యేది పేర్లు లేని కాలాల వరస: మొదటివాడు ఇంత, రెండోవాడు ఇంత. దాటినవాళ్ళు తాళ్ళు కట్టిన సన్నటి దారిలో, ఒకరినొకరు దాటకుండా నడిచి వస్తే, కొసన ఇంకొకరు 1, 2, 3 అని అంకెలు వేసిన బిళ్ళలు వరసగా చేతికిస్తారు. మూడో మనిషి ఆ బిళ్ళనీ, మన బార్‌కోడ్‌నీ స్కాన్ చేస్తాడు. అక్కడ తయారయ్యేది కాలాలు లేని పేర్ల వరస. సాయంత్రం లోపల కంప్యూటరు రెండు వరసల్నీ పక్కపక్కన పెడుతుంది, అంతే. లెక్క ఎంత సులువో తప్పడం కూడా అంత సులువు. ఒక్కడు గీత దాటి బిళ్ళ తీసుకోకుండా పక్కకు జారుకున్నాడనుకోండి, వాడి తరవాత వచ్చిన ప్రతివాడికీ ముందువాడి కాలం అంటుకుంటుంది. అందుకే బిళ్ళ ఇచ్చే పని బహు జాగ్రత్తపరులకు అప్పగిస్తారు. ఆ పని కొన్నాళ్ళు మా అక్క చేసింది. ఇంట్లో సూది ఎక్కడ పెట్టిందో ఆవిడకు గుర్తుండదు, అది వేరే సంగతి.

రోడ్డు పరుగుల్లో దూరం కొలిచే పద్ధతి ఇంకా బాగుంటుంది. మారథాన్ వంటి పెద్ద పందేలకు బాట కొలిచేది ఉపగ్రహంతో కాదు, సైకిలుతో. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పళ్ళచక్రాల యంత్రం బిగించి, ముందుగా టేపుతో కొలిచిన దూరం మీద తొక్కి, ఎన్ని అంకెలు తిరిగితే ఒక కిలోమీటరో కట్టుకుంటారు. పొరపాటున బాట పొట్టిది కాకుండా వెయ్యికి ఒక వంతు కలుపుతారు. అంటే పది కిలోమీటర్లకు పది మీటర్లు ఎక్కువ. మనం చిన్నప్పుడు చక్రానికి గుడ్డపీలిక కట్టి చుట్లు లెక్కపెట్టిన పనే అది. నేనూ నాన్న సైకిలుతో మా చేను నుంచి కొంగువారిగూడెం ఎర్రకాలువ జలాశయం వైపు కొలిచాను. చుట్టుకొలత 2.1 మీటర్లు కాబట్టి ఐదు కిలోమీటర్లకు సుమారు 2380 చుట్లు. దారిలో పలకరించినవాళ్ళకు నోటితో జవాబివ్వకుండా చుట్లు లెక్కపెట్టడం అంత తేలిక కాదు.

కాలం విషయంలో ఇంత పట్టుదల దేనికని అడిగేవారికి మన తెలుగమ్మాయి జ్యోతి యర్రాజి కథ చెప్పాలి. విశాఖపట్నం ఆడపిల్ల. 100 మీటర్ల హర్డిల్స్‌లో అనూరాధా బిశ్వాల్ 2002లో పెట్టిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు ఇరవై ఏళ్ళు కదల్లేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో జ్యోతి 13.09లో పరుగెత్తింది. అయినా రికార్డు రాలేదు. వెనకనుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. అంటే పదో వంతు మీటరు గాలి ఆ పిల్ల చేతిలోంచి రికార్డు లాక్కుపోయింది! మరుసటి నెలలోనే విదేశాలకు వెళ్ళి సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23, ఇంగ్లండు లఫ్‌బరోలో 13.11, నెదర్లాండ్స్‌లోని వ్యుఖ్త్‌లో 13.04తో వరసగా మూడుసార్లు రికార్డు తిరగరాసింది. లఫ్‌బరో మా అక్క వుండే లెస్టర్‌కు ఎంతో దూరం లేదు. ఇవేవీ ఒలింపిక్సు కావు. మనవాళ్ళలో చాలామంది పేరైనా విననివి. తన వాళ్ళు ఒక్కరూ లేని మైదానంలో కొత్త గాలిలో దిగి పరుగెత్తడం ఎంత కష్టమో మా అక్క మొదటి శనివారం నాటి గుండెదడ విన్నాక నాకు కొంచెం అర్థమైంది.

ఆ గుండెదడలో భయంతో పాటు చలికి కూడా వాటా వుంది. అక్క మొదటిసారి వెళ్ళింది జనవరిలో. మన ఎండలో పెరిగిన ఒళ్ళు ఆ చలికి ఏమవుతుందోనని అమ్మ బెంగ. శాస్త్రం చెప్పేది తలకిందులుగా వుంది. పరుగులో కిలో బరువును కిలోమీటరు దూరం మొయ్యడానికి సుమారు ఒక కిలోకేలరీ శక్తి కావాలి. మెల్లగా వెళ్ళినా, వడిగా వెళ్ళినా ఇంచుమించు అంతే. 55 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తితే 275 కిలోకేలరీలు. అందులో కండరాల పనికి పోయేది ఐదో వంతు అనుకుంటే, మిగతా 220 ఒంట్లో వేడిగా మిగులుతుంది. మన శరీరం విశిష్టోష్ణం 0.83. ఆ వేడి బయటికి పోయే దారే లేకపోతే ఒంటి ఉష్ణోగ్రత దాదాపు 4.8 డిగ్రీలు పెరుగుతుంది. 37కు అది కలిపితే ప్రాణాపాయమే. వడదెబ్బ అనేది 40 దాటాకనే కదా. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. ఆ లెక్కన ఈ పరుగుకు 400 మిల్లీలీటర్ల లోపు చెమట చాలు. కాని ఇక్కడొక మెలిక వుంది. ఆరిన చెమటే లెక్కలోకి వస్తుంది గాని కారిన చెమట కాదు. కొల్లేటి వైపు, కైకలూరు చేపల చెరువుల గట్ల మీద గాలిలో తేమ ఎక్కువ గనక చెమట ధారలుగా కారుతుందే తప్ప ఆరదు, ఒళ్ళు చల్లబడదు. మా మెరకలో ఆరుతుంది గాని మేనెలలో గాలే ఒంటికన్న వేడి. ఇక లెస్టర్ జనవరిలో వేడి వదిలించుకోవడానికి ఒంటికి శ్రమే లేదు. గుండె చర్మానికి నెత్తురు పంపే పని తగ్గి కాళ్ళకు ఎక్కువ పంపుతుంది. అంచేత ఇక్కడ ఎన్నడూ రాని వేగం అక్కకు అక్కడ మూడో నెలకే వచ్చింది. మనవాళ్ళు చేసే తెలివితక్కువ పని ఒకటే, మూడు స్వెట్టర్లు తొడుక్కుని దిగడం. బయట వున్న చలికన్న పది డిగ్రీలు వెచ్చగా వుందనుకుని దుస్తులు వేసుకోవాలని అక్కడివాళ్ళు చెప్పారట. మొదటి ఐదు నిమిషాలూ వణకాలి. చేతులకు మాత్రం తొడుగులు తప్పవు.

సెలవులకు ఇక్కడికొచ్చి అదే వేగంతో మన ఎండలో పరుగెత్తుదామనుకునేవారికి ఒక హెచ్చరిక. వేడికి ఒళ్ళు అలవాటు పడడానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది. ఆ లోపల నెత్తుట్లో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. చలిదేశంలో కొన్ని వారాలుంటే ఆ అలవాటు పోతుంది. పుట్టింది ఇక్కడే కదా అని సూర్యుడు చుట్టరికం చూపించడు.

రైతు కుటుంబాల వాళ్ళం కాబట్టి ఫౌజా సింగ్ గారి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తి. పంజాబులో జలంధర్ దగ్గర బ్యాస్ పిండ్ అనే పల్లెటూరి రైతు. 1911లో పుట్టానని చెప్పేవారు. 1990లలో భార్య పోయాక లండన్ ఇల్‌ఫోర్డ్‌లో కొడుకు దగ్గరకు చేరారు. అప్పటికే మరో కొడుకు పోయిన దుఃఖం గుండెలో వుంది. భాష రాదు, పొలం లేదు. పొలం మనిషి పరదేశానికి వెడితే పోయేది డబ్బు కాదు, పొద్దున్న లేవగానే చెయ్యడానికి ఒక పని. ఆయన పరుగునే పని చేసుకున్నారు. 2000లో లండన్ మారథాన్‌కు దిగేనాటికి ఆయన లెక్క ప్రకారం 89 ఏళ్ళు. 42.195 కిలోమీటర్లు 6 గంటల 54 నిమిషాల్లో ముగించారు. 2011లో టొరంటోలో వందేళ్ళ వయసున మళ్ళీ మారథాన్ పూర్తిచేశారు, ఎనిమిది గంటల పైచిలుకు పట్టింది. పుట్టినతేదీ కాగితం లేదని గిన్నిస్ వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ కాలంలో మన తాతల్లో ఎందరికి పుట్టినతేదీ కాగితాలున్నాయి? గాలివాన వచ్చిన ఏడు పుట్టాడు, బావి తవ్విన ఏడు పుట్టింది అనడమే మన రిజిస్టరు. ఆయన 2025 జూలై 14న సొంత ఊళ్ళోనే రోడ్డు దాటుతుండగా వాహనం గుద్ది పోయారు. ఆ వార్త మా నాన్నే పేపర్లో చూసి, కత్తిరించి, అక్కకు ఫొటో పంపించాడు. పరుగు గురించి మా నాన్న తనంతట తను పంపిన మొదటి కబురు అది.

అంతకు ముందు నాన్న అడిగే ప్రశ్న ఒక్కటే, "ఎన్నో నెంబరు?" నూట డెబ్భై అనో, రెండొందల మూడు అనో అక్క చెబితే ఆయన మొహం అదోలా పెట్టేవాడు. ఆయన దృష్టిలో పందెమంటే ఎడ్లబండి పందెమే. మొదటి బండికి, రెండో బండికి, పోతే మూడో బండికి విలువ గాని రెండొందల మూడో బండిని ఎవరు తోలమన్నారు? నిజానికి పార్క్‌రన్ పెట్టినవాళ్ళు కూడా దీన్ని పందెం అనరు, పరుగు అంటారు. మొదట వచ్చినవాడికి బహుమతి లేదు. 2024లో తమ వెబ్‌సైటులోంచి బాట రికార్డుల పట్టికలు సైతం తీసేశారు. దాని మీద అక్కడ పెద్ద గొడవే అయింది. పోటీ లేకపోతే పరుగులో ఉప్పేముంది అని కొందరు, పట్టిక చూసి బెదిరి రానివాళ్ళ సంగతేమిటి అని కొందరు. నన్నడిగితే రికార్డులు వుంచినా కొంప మునగదు. లెక్కలు దాచడం సైన్సు విద్యార్థికి రుచించే పని కాదు. కాని ఈ పద్ధతిలో ఒక మాట మాత్రం నాకు బాగా నచ్చింది. ప్రతి వారం ఒక మనిషి అందరికన్న వెనకాల నడుస్తూ రావడానికి వంతు వేసుకుంటాడు. వాళ్ళను టెయిల్ వాకర్ అంటారు. ఆ మనిషి ఎప్పుడూ ఆఖరి స్థానం తనే తీసుకుంటాడు. అంటే పరుగెత్తడానికి వచ్చినవాళ్ళలో ఎవరూ ఆఖరివాళ్ళు కారన్నమాట. గంట పట్టినా సరే, గడియారం పట్టుకున్నవాడు ఇంటికి పోడు. పది నిమిషాల ముప్ఫై సెకన్ల దగ్గర ఆగిపోయిన గడియారం చూసిన మా అక్కకు ఇది ఎలా వుండివుంటుందో మీరే ఊహించుకోండి.

అమెరికాలో మన తెలుగు సంఘాలవాళ్ళు కూడా ఊరూరా ఐదు కిలోమీటర్ల పరుగులు పెడుతున్నారు. తానా వాళ్ళది బాగా తెలిసినదే. మంచిదే, కుటుంబాలతో వస్తారు, ఇడ్లీలుంటాయి. కాని అక్కడ కలిసేది మనకు ముందే తెలిసినవాళ్ళు. ఊరి పరుగులో కలిసేది ఊరు. అక్కకు మొదట పరిచయమైంది ఒక రిటైరైన టీచరమ్మ. పరుగులో కాదు, తాళ్ళు చుట్టేటప్పుడు. సాయం చెయ్యడానికి వచ్చినవాళ్ళకు రంగు జాకెట్టు తొడిగి ఏదో ఒక పని చెబుతారు. మలుపు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టడం కూడా ఒక ఉద్యోగమే. పరుగెత్తితే ఊపిరాడదు, మాటేం కలుస్తుంది? పక్కపక్కన నిలబడి పని చేస్తేనే కలుస్తుంది. అంచేత వెళ్ళేవాళ్ళకు నా సలహా, మొదటి వారం పరుగెత్తకండి, సాయానికి పేరివ్వండి. కాలు నొప్పి, బూట్లు లేవు వగైరా అడ్డంకులేవీ దానికి లేవు.

బార్‌కోడ్ నమోదులో ఒక గడి వుంటుంది, ప్రమాదం జరిగితే ఎవరికి ఫోను చెయ్యాలి అని. అక్క మొదట్లో నాన్న నెంబరు రాసింది. లెస్టర్ పార్కులో కాలు మడతపడితే జంగారెడ్డిగూడెంలో మోటారు కట్టడానికి చేలోకెళ్ళిన మనిషి ఏం చేస్తాడు? అయినా రాయడానికి ఇంకో నెంబరు లేదు అప్పట్లో. కిందటి ఏడాది అది మార్చి ఆ టీచరమ్మ నెంబరు పెట్టానని చెప్పింది. నాన్న ఆ పూట ముభావంగా వున్నాడు. మర్నాడు అమ్మతో, "పోన్లే, పిలిస్తే పలికే దూరంలో ఒకరున్నారు" అన్నాడట.

వాళ్ళ తొమ్మిది గంటలంటే మనకు ఎండాకాలంలో మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. గడియారాలు మార్చుకోవడం వాళ్ళ అలవాటు గనక ఈ తేడా. శనివారం నాన్న ఏ పనిలో వున్నా ఆ వేళకు ఇంటికొచ్చి, భోజనం చేసి, ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. ఈ శనివారం అక్క పరుగెత్తడం లేదట. వెనకాల నడిచే వంతు వేసుకుంది. కబురు రావడం ఓ గంట ఆలస్యమవుతుందని నాన్నకు ముందే చెప్పి వుంచాం.